నెత్తురు మీద మీగడ

మొన్న నా షుగరు పరీక్ష కోసం మార్కాపురంలో ఒక ల్యాబుకు వెళ్లాను. నెత్తురిచ్చి, చేయి మడుచుకొని బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద గాజు గొట్టాలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నింటిలోనూ అడుగున ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు. ఒక్కదానిలో మాత్రం పైనున్నది తెల్లగా, చిక్కగా, పాలలాగా ఉంది. అక్కడ పనిచేసే పిల్ల దాన్ని వెలుతురుకెత్తి చూసి, "ఇదేంది, ఇంత కొవ్వు! ఈయనెవరో షుగరును బొత్తిగా గాలికి వదిలేసినాడు" అంది. నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"అది మీది కాదులే మామ్మా, కూర్చోండి" అని నవ్వింది.

కూర్చోలేకపోయాను. బయటికొచ్చి వరండాలో అటూ ఇటూ తిరిగాను. అలాంటి గొట్టాన్ని నేను మొదటిసారి చూసింది గిద్దలూరు ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో. అందులో ఉన్నది మా బస్సు డ్రైవరు నెత్తురు.

రాష్ట్రం ఏర్పడిన తొలి రోజులవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయింది కానీ మా తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. కచేరీ పనైనా కోర్టు పనైనా నల్లమల కొండల ఘాటు దాటి, నంద్యాల మీదుగా పోవలసిందే. మార్కాపురం షావుకారు ఒకాయన ఒక బస్సు నడిపేవాడు. అది పొద్దున మార్కాపురంలో బయలుదేరి, కంభం, గిద్దలూరు తాకి, నల్లమల ఘాటెక్కి నంద్యాలలో దిగేది. ఆ రాత్రి అక్కడే ఉండి మరునాడు తిరిగొచ్చేది. దాన్ని తోలేది ఈయనే. ఇల్లు గిద్దలూరులో. పిల్లలకు డ్రైవరు మామ, మా బోటి వాళ్లకు డ్రైవరన్న. సొంత పేరుతో ఆయన్ను పిలవగా నేను వినలేదు.

నిలకడ లేని మనిషి. బస్సు ఆగిందంటే చాలు, తలుపు తీసి దూకేవాడు. బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరునూ అరచేత్తో చరిచేవాడు, గొడ్డును నిమిరినట్టు. మళ్లీ ఎక్కేవాడు. స్టీరింగు మీద వేళ్లు ఎప్పుడూ తాళం వేస్తూ ఉండేవి. "బండి ఆగితే నా ఒంటి మీద చీమలు పారినట్టుంటది సిస్టరమ్మా" అనేవాడు. సీటు పక్కన రెండు నీళ్ల డబ్బాలుండేవి, ఒకటి రేడియేటరుకు, ఒకటి తనకు. ఘాటెక్కేలోపల తన డబ్బా అయిపోతే రేడియేటరు డబ్బా కూడా ఎత్తేవాడు. "బండికీ నాకూ ఒకటే దప్పిక. ఎవరు ముందు తాగితే వాళ్లదే" అని నవ్వేవాడు. నీళ్లు తాగినంతసేపు పట్టేది కాదు, మళ్లీ బస్సాపి చెట్ల చాటుకు పోయేవాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. మగవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

మాది రాచర్ల దగ్గర పల్లె. ఆదివారం ప్రార్థనకు ఇంటికి పోయి, సోమవారం ఆ బస్సులోనే ఆసుపత్రికి వచ్చేదాన్ని. ఏడాది గడిచేసరికి ఆయన ఖాకీ చొక్కా వదులై, కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. బెల్టుకు కొత్తగా తూట్లు పడ్డాయి. ఒకరోజు గేరు మారుస్తుంటే మోచేతి మీద పొక్కులు కనిపించాయి. పసుపు పచ్చగా, కందిగింజంత ఉన్నాయి. చుట్టూ కొంచెం ఎరుపు.

"ఏందన్నా ఇవి?"

"వేడి చేసింది సిస్టరమ్మా. ఇంజిను పక్కన కూర్చుంటే చెయ్యదా మరి. మోకాళ్ల మీద కూడా లేసినయి. దురద."

ఆసుపత్రికి రమ్మన్నాను. వస్తా వస్తా అన్నాడు. రాలేదు. చివరికి చూపు మసకబారి, ఎదురొచ్చే బండి దీపాలు పూరీల్లాగా ఉబ్బి కనబడుతున్నాయని భయపడి తనంతట తనే వచ్చాడు.

మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి, వయసులో చిన్నవాడు. మా దగ్గర పెద్ద పరికరాలేమీ ఉండేవి కావు. ఒక మైక్రోస్కోపు, ఒక స్పిరిటు దీపం, నీలిరంగు మందు. ఆ మందులో మూత్రం చుక్కలు వేసి కాస్తే షుగరున్నంత మేరకు రంగు మారేది. ఈయనది ఇటుక రంగుకు తిరిగింది. డాక్టరుగారు ఆయన మోచేతులు, మోకాళ్లు వేలితో నొక్కి చూసి, నెత్తురు తియ్యమన్నారు. తీసి గొట్టంలో పోసి కిటికీలో నిలబెట్టాను. సూది చూడగానే ఆ మనిషి గోడవైపు తిరిగాడు. కాగే రేడియేటరు మూతను ఉత్త చేత్తో తిప్పే మనిషి.

మధ్యాహ్నానికి గొట్టంలో నెత్తురు అడుక్కు దిగింది. పైన నీరు ఉండవలసిన చోట తెల్లటి పాలు. ఆ పాల మీద మీగడ కట్టింది.

"ఇది ఎవరిది సార్?" అన్నాడు.

"నీదే."

"నెత్తురు ఎర్రగా ఉండద్దా? నాకెవరైనా ఏమైనా చేసినారా?"

"ఎవరూ ఏం చేయలేదు. అది కొవ్వు."

ఆయనకు కోపమొచ్చింది. లేచి నిలబడ్డాడు. "నేను నెయ్యి ముట్టి ఏడాదైంది సార్. చక్కెర లేదు, బెల్లం లేదు. అన్నమే మానేసినా. ఇంత సంకటి, కాకరకాయ. పొద్దున లేస్తే నేరేడు గింజల పొడి. నా పెండ్లాన్ని అడుగు. ఇంత కొవ్వు యాడ్నుంచి వస్తది?"

డాక్టరుగారు కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. గదిలో తిరుగుతూనే విన్నాడు.

"నువ్వు తిన్నది కండకు అందాలంటే ఇన్సులిన్ అనేది కావాలి. అది నీ ఒంట్లో చాలడం లేదు. అందుకని షుగరు నెత్తుట్లోనే నిలిచిపోయి, మూత్రంలో పోతోంది. కండకేమో ఆకలి. నీ కడుపు నిండుగానే ఉన్నా ఒళ్లు మాత్రం కరువొచ్చిందనుకుంటుంది. కరువొస్తే ఏం చేస్తుంది? చర్మం కింద దాచుకున్న కొవ్వును కరిగించి నెత్తుట్లోకి వదులుతుంది. అది కాలేయానికి పోతుంది. కాలేయం దాన్ని ఇంకో రకం కొవ్వుగా మార్చి మళ్లీ నెత్తుట్లోకే పంపుతుంది. ఆ వచ్చినదాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చెయ్యాలన్నా ఇన్సులినే కావాలి. అది లేదు కాబట్టి ఇట్లా పేరుకుంది. నీ మోచేతుల మీద లేచినవి వేడి పొక్కులు కావు, ఈ కొవ్వే. ఇది నువ్వు తిన్న నెయ్యి కాదయ్యా. చాలావరకు నీ ఒంట్లోదే."

"అంటే, నన్ను నేనే తింటున్నానా సార్?"

"అంతే."

అప్పుడు కూర్చున్నాడు. ఆయన వేళ్లు కదలకుండా ఉండడం నేను చూసింది అదే మొదటిసారి.

రోజూ ఇంజక్షన్ చేసుకోవాలని, షుగరు అదుపులోకి వచ్చేదాకా బండి తోలకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఇంజక్షన్ మానేస్తే ఆ కరిగిన కొవ్వులో కొంత ఒంట్లో విషంగా మారుతుందట. కడుపులో నొప్పి, ఎగపోత, మాగిపోయిన పండ్ల వాసన. ఆ తర్వాత మగత. "ఆ మగతలోనే పోతావు. ఆ వాసన వచ్చిన రోజు బస్సెక్కకు, నా దగ్గరికి రా."

షావుకారుకు జ్వరమని కబురు పంపి, కొన్నాళ్లు ఇంట్లో ఉన్నాడు. పొద్దునా సాయంత్రం నేనే పోయి సూది వేసేదాన్ని. ఆయన భార్య చాలా నెమ్మదైన మనిషి. "పట్టుకో వదినా" అంటే ఆయన భుజం పట్టుకునేది, ఆయన కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టి కడవ పక్కన పెట్టేది. దప్పిక తగ్గింది. చూపు కుదురుకుంది. కిటికీలో పెట్టిన గొట్టంలో పాలు పలచనై, చివరికి నీరు తేటపడింది. మోచేతుల మీద పొక్కులు అణిగిపోయాయి. ఆయన బజారులో చొక్కా చేతులు పైకి మడిచి కనబడినవాళ్లందరికీ మోచేతులు చూపించాడు.

"పోయినయి చూడు సిస్టరమ్మా! రోగం పోయింది."

"పొక్కులు పోయినయన్నా, రోగం యాడికీ పోదు. సూది మానొద్దు."

"మానను."

మానేశాడు. పెళ్లిళ్ల కాలం వచ్చింది, బస్సు రోజూ కిక్కిరిసిపోయేది. ఒక రాత్రి నంద్యాలలో, ఒక రాత్రి మార్కాపురంలో పడక. అక్కడ సూది వేసేవాళ్లెవరు? ఒకపూట తప్పింది. తప్పినా ఏమీ కాలేదు. ఇంకోపూట తప్పింది. నాకు ముఖం చూపించలేక ఆసుపత్రి ముందు నుంచి కాకుండా బజారు వీధిలోంచి బస్సు తిప్పుకొని పోయేవాడు. ఆ ఇరుకు వీధిలో అంత బండిని ఎట్లా తిప్పేవాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. డాక్టరుగారు కోప్పడి షావుకారుకు చెప్పిస్తానన్నారు. ఆయన భార్య వచ్చి ఏడ్చింది. ఇంకొక్క వారం చూద్దామనుకున్నాం.

ఆ వారంలోనే నాకు నంద్యాలలో పని పడింది. గిద్దలూరులో బస్సెక్కాను. కొనకనమిట్ల వైపు నుంచి ఒక పెళ్లివారు బస్సు నిండా ఉన్నారు. పెళ్లికొడుకు బుగ్గన చుక్కతో, పసుపు బట్టల్లో కిటికీ పక్కన ముడుచుకొని కూర్చున్నాడు. ముహూర్తం ఆ సాయంత్రమే. ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. నాకు డ్రైవరు వెనకాలే చోటిచ్చారు.

ఊరు దాటగానే వాసన తగిలింది. ముందు పెళ్లివారి పండ్ల బుట్టలనుకున్నాను. కాదు. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా వస్తోంది. ఆ ఊపిరి కూడా మామూలుగా లేదు. పరుగెత్తి వచ్చిన వాడిలాగా లోతుగా, బరువుగా పీలుస్తున్నాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి పొట్ట మీద.

"అన్నా, బండాపు."

"ఘాటు దిగినాక."

"నీ నోట్లో వాసనొస్తాంది. డాక్టరు చెప్పింది గుర్తుందా లేదా?"

"ఉంది. పొద్దున్నుంచి వస్తాంది. నా ముక్కుకూ తెలిసింది" అన్నాడు.

ఘాటు కింది ఊరు దిగువమెట్ట దాటాం. ముందు అడవి, ఆ పైన మలుపులు. ఒకసారి బస్సు రోడ్డు అంచుకు జరిగి మళ్లీ దారికొచ్చింది. పాట ఆగిపోయింది. ఎవరో చిన్నగా అరిచారు. ఘాటెక్కే ముందు కొంచెం చదునుగా ఉన్న చోట ఆయన బండిని పక్కకు తీసి ఆపాడు. దిగాడు. టైర్లు చరచలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది పెట్టుకో సిస్టరమ్మా. నేనడిగినా ఇయ్యొద్దు."

అక్కడే చెట్టు మొదట్లో కూలబడి కక్కుకున్నాడు.

పెళ్లివారు దిగి చుట్టూ మూగారు. ఒకాయన వంగి వాసన చూసి, "తాగినాడురా వీడు! మందు నిషేధమంటే వీనికి యాడ దొరికింది? పోలీసులకియ్యండి" అని అరిచాడు. నేను కాదని చెప్పాను. అది జబ్బు వాసనని చెప్పాను. ఎవరూ వినలేదు. కండక్టరు బిక్కచచ్చిపోయాడు. వాడికి తోలడం రాదు. పెళ్లికొడుకు నాయన జనాన్ని తోసుకొని వచ్చాడు. మంచి మనిషిలాగానే ఉన్నాడు, ముఖమంతా చెమట.

"అయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా. ముహూర్తం దాటితే ఈ పెండ్లి జరగదు. పెండ్లికూతురు వాళ్లసలే పట్టింపు మనుషులు. ఎట్లనో ఈ ఘాటొక్కటి దాటించు. అవతల నిన్ను నేనే ఆసుపత్రిలో వేస్తా."

నిజంగానే కాళ్లు పట్టుకున్నాడు. డ్రైవరన్న తట్టుకోలేకపోయాడు. చెట్టును పట్టుకొని లేచాడు. నా వైపు చెయ్యి చాపాడు.

"ఇయ్యమ్మా. పోదాం. ఇరవయ్యేండ్ల నుంచి తోలుతాండా. ఈ ఘాటు కండ్లు మూసుకోనైనా ఎక్కిస్తా."

"ఇయ్యను."

"పెండ్లి ఆగిపోతదంటే నీకు అర్థం కాదా?"

"ఇయ్యనన్నా."

"నా బండి తాళం అది! ఇయ్యడానికి, ఇయ్యకపోవడానికి నువ్వెవరు?" అంటూ ఎన్నడూ అనని మాటలన్నాడు. నా కులాన్నీ, నా పుట్టుకనూ కలిపి తిట్టాడు. పెళ్లివాళ్లు కూడా గొంతు కలిపారు. ఎవరో నా భుజం పట్టుకున్నారు. నేను తాళాన్ని రవికలో దోపుకొని, ఏడుస్తూ అక్కడే నిలబడ్డాను. ఇంకా నాలుగు మాటలు తిడుతూనే మోకాళ్ల మీద కూలిపోయాడు. పెళ్లికొడుకు ఒక్కడే పరుగున వచ్చి ఆయన తల నేలకు తగలకుండా పట్టుకున్నాడు. "నాయనా, చాలుగానీ" అన్నాడు తండ్రితో. అంతే అన్నాడు.

అడవి నుంచి వెదురు వేసుకొని గిద్దలూరు వైపు ఒక లారీ దిగింది. ఆయన్ను ముందు సీట్లోకి ఎక్కించారు. పక్కన నేను కూర్చున్నాను. లారీ మలుపు తిరిగినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు నేల చెక్కను తొక్కుతోంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. కాలు మాత్రం ఆడుతోంది. దిగువమెట్ట దాటాక ఆ కాలు ఆగిపోయింది. అప్పటిదాకా పడని భయం అప్పుడు పడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ పూటంతా ఆయన మంచం దగ్గర నుంచి లేవలేదు. సెలైను, ఇన్సులిన్, మళ్లీ మూత్రం పరీక్ష, మళ్లీ ఇన్సులిన్. తీసిన నెత్తురు గొట్టంలో పోసీ పోయకముందే తెల్లబారింది. వదిన గుమ్మంలో కూర్చుంది. మరునాడు పొద్దెక్కాక నేను దుప్పటి సర్దుతుంటే మంచం ఇనుప పట్టీ మీద చిన్న చప్పుడు వినిపించింది. ఆయన వేళ్లు తాళం వేస్తున్నాయి. వదిన అది చూసి అప్పుడు ఏడ్చింది.

కళ్లు తెరిచాక ఆయన మొదట అడిగింది, "పెండ్లి అయిందా?" అని. అయింది. ఫారెస్టు వాళ్ల లారీ ఏదో దొరికి దుమ్ము కొట్టుకొని పోయి, వేళకే తాళి కట్టించారట. అది విన్నాక నా వైపు చూడలేక ముఖం తిప్పుకొని, "నేనన్న మాటలు..." అన్నాడు.

"తాళం ఇయ్యొద్దని చెప్పింది నువ్వే గదన్నా" అన్నాను. తిట్లయితే నేను మరచిపోలేదు. ఆయనా మరచిపోలేదనే అనుకుంటాను.

షావుకారు వచ్చి చూసిపోయాడు. బండికి ఇంకొకరిని పెట్టుకున్నానని, గిద్దలూరు స్టాండులో టికెట్లు, పార్శిళ్లు చూసుకోమని చెప్పాడు. డ్రైవరన్న తలూపాడు. సూది తనే వేసుకోవడం నేర్చుకున్నాడు. వేసుకునేటప్పుడు పళ్లు బిగించి, ఇరుకు సందులో బండిని వెనక్కి తీస్తున్నంత జాగ్రత్తగా చూసేవాడు. మళ్లీ ఎన్నడూ మానలేదు. స్టాండులో మాత్రం కూర్చునేవాడు కాదు. వచ్చిన బస్సుకల్లా ఎదురుపోయేవాడు. ఎవరైనా చెంబెడు నీళ్లు గటగటా తాగి మళ్లీ అడిగితే వదిలేవాడు కాదు. "పెద్దాయనా, రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తావు?" అని నలుగురిలో అడిగేవాడు. కొందరు తిట్టి పోయేవాళ్లు. కొందరిని చెయ్యి పట్టుకొని మా దగ్గరికి తీసుకొచ్చేవాడు.

కొన్నేళ్లకు నాకు మార్కాపురం బదిలీ అయింది. ఆ తర్వాత ఒక వేసవిలో ఆయన గుండె ఆగి పోయాడని వదిన కబురు చేసింది. గిద్దలూరు డాక్టరుగారు కలిసినప్పుడు చెబితే, "నెత్తురు తేటపడింది నిజమే. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ కొవ్వు లోపల గోడలకు ఏం చేసిపోయిందో మనం చూడలేదుగా" అన్నారు.

ఆయనంటే నాకు గుర్తొచ్చేది చావు కబురు కాదు. నేను బదిలీ కాకముందు జరిగిన ఒక పొద్దున.

కొత్త డ్రైవరు జ్వరంతో పడుకున్నాడు. బస్సు నిండా జనం. షావుకారు డ్రైవరన్నను వెంటబెట్టుకొని ఆసుపత్రికొచ్చాడు. డాక్టరుగారు మూత్రం చూశారు, నెత్తురు చూశారు, కళ్లు పరీక్షించారు. "అన్నీ బాగున్నాయి. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు" అన్నారు.

"విన్నావు గదా, పద" అన్నాడు షావుకారు.

నేను కూడా స్టాండు దాకా పోయాను. డ్రైవరన్న బస్సు చుట్టూ తిరిగాడు. టైర్లు చరిచాడు. ఎక్కి కూర్చుని ఇంజిను స్టార్టు చేశాడు. ఆ చప్పుడుకు ఆ ముఖం వెలిగిన తీరు నేను మాటల్లో చెప్పలేను. జనం కేకలు వేశారు. చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు, ఇంజిను ఆడుతూనే ఉంది. ఆ తర్వాత ఆపి దిగాడు.

"వద్దు షావుకారూ."

"ఏంది మళ్లా? డాక్టరే పొమ్మన్నాడు గదా?"

"ఈ పొద్దు బాగున్నా. నిజమే. బాగలేని పొద్దు నాకు తెలిసింది. వాసన నా ముక్కుకే తెలిసింది. తెలిసి కూడా ఎక్కినా." షావుకారు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "రోగానికి సూది ఉంది. ఆ బుద్ధికి లేదు."

కంభం నుంచి ఇంకో డ్రైవరును పిలిపించేసరికి మధ్యాహ్నమైంది. అంతవరకూ ఆయన స్టాండులో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాడు. బస్సు కదిలింది. ఆయన టికెట్ల సంచి నా చేతికిచ్చి, "ఇప్పుడే వస్తా" అని దాని వెనకాలే నంద్యాల దారిన నడక మొదలుపెట్టాడు. బస్సు దుమ్ములో కలిసిపోయింది. ఆయన మాత్రం నడుస్తూనే ఉన్నాడు.